వైకుంఠముగారి స్త్రీమూర్తులు: వేషమా? చరిత్రమా?

సికిందరాబాదునుండి బయలుదేరి ఆల్వాలు, హకీంపేట, తూముకుంట గ్రామములను దాటి, శామీర్‌పేట చెరువు ప్రక్కగా ఉత్తరమునకు సాగు బాటను నేడు రాజీవ రహదారి యందురు. అది ప్రజ్ఞాపురము, సిద్దిపేటల మీదుగా కరీంనగరమును జేరి అచ్చటనుండి రామగుండము వఱకు పోవును. దానికి పడమరగా మేడ్చలు మీదుగా పోవు నాగపురపు బాట మఱియొకటి కలదు. ఈ రెండు బాటలనడుమ నివసించు మావంటివారికి మొదటిది కూరగాయల బండ్ల బాట, పెండ్లివారి బస్సుల బాట. అది చిత్రకారుల బాటయు నగునని నాకు మిక్కిలి యాలస్యముగా దోచినది.

ఈ బాట వెంబడి ఎవరెవరు పుట్టిరో చూడుడు. మొదట తగులునది ప్రజ్ఞాపురము. అచ్చట 1946లో జన్మించిన శ్రీ బి. నరసింగరావుగారు చలనచిత్ర దర్శకులుగా ప్రసిద్ధులు. స్వయముగా చిత్రకారులు కూడ. ఒక చిత్రకారుని జీవితమునే వస్తువుగా గైకొని 1983లో 'రంగులకల' యను చిత్రమును తీసి, అందలి చిత్రకారుని పాత్రమును తామే ధరించిరి. పిమ్మట సిద్దిపేట. అది కాపు రాజయ్యగారి ఊరు (1925-2012). బతుకమ్మను, బోనములను, గ్రామీణుల పనిపాటలను నకాషీ రేఖతో చిత్రించి, ఆ రేఖ పటముల వారిదే గాని విద్యాలయములలో నేర్చిన చిత్రకారునికి తగనిదను తలంపును వారు పోగొట్టిరి. సిద్దిపేటకు ఆగ్నేయమున చేర్యాల. నకాషీవారి పటములకు నిలయము. కరీంనగరము సీమలో అన్నారమున 1915లో జన్మించి, బొంబాయి జె. జె. కళాశాలలో విద్య ముగించి, 1996 వఱకు జీవించిన పాకాల తిరుమలరెడ్డిగారు ఈ బాటలో పెద్దవారు. ఆ సీమలోనే బూరుగుపల్లియందు 1942లో జన్మించినవారు శ్రీ తోట వైకుంఠముగారు. ఈ వ్యాసమునకు ప్రధానవిషయము వారి చిత్రములే.

వైకుంఠముగారి పేరు తెలియనివారు గూడ వారి స్త్రీలను ఎఱుగుదురు. నల్లని మేనిచాయ, నుదుట రూపాయి బిళ్లయంత కుంకుమబొట్టు, ముక్కున పుడక, కొప్పున పూలు, మెడనిండ సరులు, ఎఱ్ఱని లేక పసుపుపచ్చని చీర, నిండైన దేహము, అరమోడ్చిన కన్నులు. చేతిలో నొక చిలుకయో, పండో, పువ్వో యుండును. ఒక్కొకప్పుడు ఇద్దఱు మువ్వురు కూడి ఏదో గుసగుసలాడుచుందురు. వెనుక ఇల్లు లేదు, చెట్టు లేదు, పొలము లేదు. ఒకే రంగు పఱచిన గోడవంటి నేలయే. పురుషులు గూడ లేకపోలేదు. నామములు దిద్దుకొనిన పంతుళ్లు, తలపాగల పెద్దమనుష్యులు కొన్ని చిత్రములందు గలరు. అయినను లోకము వారిని స్త్రీమూర్తుల చిత్రకారుడనియే యెఱుగును.

ఈ చిత్రములనుగూర్చి రెండు మాటలు తఱచుగా వినవచ్చును. మొదటిది, ఇవి తెలంగాణపు పల్లెటూరి స్త్రీ కి నిజమైన ప్రతిబింబములనుట. రెండవది, ఒకే మూర్తిని మఱల మఱల దిద్ది ధనికుల గృహములకు అలంకారముగా సమకూర్చుచున్నారనుట. మొదటి మాట ననువారు చరిత్రమునకు సాక్ష్యమును కోరుచున్నారు. రెండవ మాట ననువారు అట్టి సాక్ష్యము లేదని నిందించుచున్నారు. పరస్పర విరుద్ధములుగా కనుపించునట్టి యీ రెంటికిని మూలము ఒక్కటే. చిత్రమున నున్నది పొలమునకు పోవు స్త్రీయని ఉభయులును ముందుగా నంగీకరించియే వాదమునకు దిగుచున్నారు. ఆ యంగీకారమే తప్పని నా తలంపు.

ఈ తలంపు నాకు పుస్తకములవలన గలుగలేదు. కొన్ని యేండ్ల క్రిందట మా యింటి ముందరి గదిలో వైకుంఠముగారి చిత్రముయొక్క ముద్రితప్రతి యొకటి తగిలించితిమి. శామీర్‌పేట వైపునుండి పాలు తెచ్చి పోయు ఒక ముదుసలి దానిని చూచి చాలసేపు నిలిచి, "గీయమ్మ ఎవలింటి ఆడివిల్ల సారూ? గింత తీరుగ కూసున్నది, పనికి పోదా?" యని యడిగినది. నేను నవ్వి, "మీవంటివారి బొమ్మయే గదా" యంటిని. ఆమె కొంచెము కోపముగనే, "మా అసుంటోళ్లు గిట్లెందుకుంటరు? మా చిన్నప్పుడు బాగోతమాడెటోళ్లు గిట్లుండిరి, మొగోడే చీరె కట్టి గింతంత బొట్టు వెట్టుకొని కూసుంటుండె" ననినది. విమర్శకుల వ్యాసములు పది చదివినను నాకు తెలియని యంశము పాలచెంబు దింపకుండనే యామె చెప్పి పోయినది.

ఆ పిమ్మట వెదకగా, వైకుంఠముగారును ఈ సంగతిని దాచినవారు కారని తెలిసినది. బాల్యమున తమ యూరికి వచ్చు నాటక మేళములలో పురుషులే స్త్రీవేషములు ధరించి యాడుట చూచి ముగ్ధులైతిమనియు, ఆ రంగులు, ఆ నగలు తమ మనస్సున నాటుకొనెననియు, తల్లిరూపముగూడ తమ చిత్రములకు ప్రేరణయనియు వారు పలుమారు చెప్పియున్నారు. చిత్రకారుని జీవితచరిత్ర వ్రాయువారందఱు ఈ వాక్యమును ఉదాహరింతురు. ఉదాహరించి, దానినుండి తేలవలసిన యర్థమును మాత్రము తేల్పక, వెంటనే 'తెలంగాణ గ్రామీణస్త్రీ' యను మాటకు మరలుదురు.

స్త్రీవేషమనగా నేమి? పురుషుడు స్త్రీని యథాతథముగా ననుకరించుట కాదు. దివిటీల వెలుతురున, దూరమున కూర్చున్న జనమునకు స్త్రీయని తోచుటకు వలసిన గుర్తులను ఏఱి, పెద్దవిచేసి, తక్కినవానిని వదలివేయుట. బొట్టు పెద్దది కావలెను. కన్ను కాటుకతో సాగవలెను. ముఖమునకు అర్దళము పూసి పసుపుచాయ తేవలెను. నడుము, ఱొమ్ము, జడ, నగలు దూరమునుండి చదువవీలగు నక్షరములవలె నుండవలెను. నడకలో తొందర కూడదు. స్థానం నరసింహారావుగారు (1902-1971) కోస్తా రంగస్థలముపై సత్యభామగా నిలిచినప్పుడు జనులు చూచినది ఇట్టి యక్షరములనే. 1956లో వారికి పద్మశ్రీ వచ్చినది ఆ లేఖనపాండిత్యమునకే యనవచ్చును. వారి వంటి సంపన్నరంగము తెలంగాణపు పల్లెలకు లేదు. వీధి భాగవతులకు గల సామగ్రి ఒక పెట్టె, నాలుగు చీరలు, గిల్టు నగలు. కాని సూత్ర మొక్కటే. ఇచ్చట నొక మినహాయింపు చెప్పవలెను. చిందు యక్షగానమున స్త్రీలే స్త్రీపాత్రములను ధరింతురు. 2005లో గతించిన చిందు ఎల్లమ్మగారు అందులకు ప్రబలసాక్ష్యము. కావున తెలంగాణమున ఆడవేషము సర్వత్ర మగవానిదే యనుట పొరబాటు. వైకుంఠముగారు చిన్ననాడు చూచినది మగవారి వేషము. మనకు కావలసిన దంతే.

ఇప్పుడు మఱల చిత్రమును చూడుడు. వెనుక నేలలేకుండుటకు కారణము తోచును: అది తెర. స్త్రీల కాయము లోకములోని కొలతకు మించియుండుటకు కారణము తోచును: వేషము మనుష్యునికంటె పెద్దది. చేతిలో కొడవలి లేక చిలుక యుండుట గూడ అట్టిదే. పాత్రమునకు చేతియందొక వస్తువుండవలెను గాని పని యుండనక్కఱలేదు. ఇద్దఱు స్త్రీలు గుసగుసలాడుట నాయికయు చెలికత్తెయు రంగమున నిలుచు తీరు. ఒకే మూర్తి మఱల మఱల వచ్చుచున్నదను నిందకును ఇచ్చటనే సమాధానము గలదు. భాగవతుడు రాత్రి కొకసారి అదే వేషము కట్టును; నిన్నటి సత్యభామకంటె నేటి సత్యభామ వేఱుగా లేదని యెవ్వరు నతనిని దూఱరు. అయితే ఈ సమాధానము నిందను పూర్తిగా తుడువజాలదని నేనే యొప్పుకొనవలెను. భాగవతుడు నేడు నిన్నటివలె నాడినను చూచువారి మధ్య ఆడును, చెమర్చును, ఒక్కొకప్పుడు తప్పును. చిత్రమున నట్టి ప్రమాదము లేదు. వైకుంఠముగారి తొలినాళ్ల బొగ్గుగీతల చిత్రములందు గీత వెదకుచు, తడబడుచు, ఆ తడబాటువలననే ప్రాణముతో నుండును. తరువాతి నిండురంగుల చిత్రములలో గీతకు అంతయు ముందే తెలిసియుండును. నాకు మొదటివే ప్రియములు.

రంగస్థలమునకు తోడు పటము. చేర్యాల నకాషీవారు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూసి ఆఱబెట్టి, దానిపై కథను వరుసలు వరుసలుగా చిత్రింతురు. వెనుకరంగు ఇంగిలీకపు టెఱుపు. ఈ పటములను వ్రాయించుకొని ఊరూర కథ చెప్పువారు వేఱు. కాకిపడిగెలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టీలు గౌడులకు, మందహెచ్చులవారు గొల్లలకు, డక్కలివారు మాదిగలకు తమ తమ కులపురాణములను పటము విప్పి చెప్పుదురు. బొమ్మ అక్కడ గోడకు తగిలించు వస్తువు కాదు. పాటకు తోడుగా చుట్ట విప్పుచు పోవు వస్తువు. ఆ బొమ్మలలో దేవతాస్త్రీల మేను పసుపుపచ్చన, దేవుళ్ల మేను నీలము, రాక్షసుల మేను ముదురుచాయ. వైకుంఠముగారు పటమునుండి ఎఱుపును, గట్టి హద్దుగీతను, పెద్ద కన్నును గ్రహించినట్లు ఎవరికైన తోచును. కాని యొక్క విషయమున వారు పటమును దాటిరి. పటమున స్త్రీ గొప్పదియైనచో పచ్చనిది కావలెను. వీరి స్త్రీ గొప్పదియై కూడ నల్లనిది. పసుపు ఆమెకు చర్మము కాదు, పూత, చీర. మేని నలుపు ఆమె సొంతము. తెలుగు చిత్రకళలో దామెర్ల రామారావుగారు (1897-1925) రాజమహేంద్రవరమున గీసిన సుకుమార స్త్రీమూర్తుల కాలమునుండి చూచినచో ఇది చిన్న మార్పు కాదు. ఇంటిలోని తల్లిచాయను తెచ్చి వేషమునకు పూసిరి. స్త్రీవేషధారి ముఖమునకు అర్దళము పూసి దాచినదానిని వీరు దాచలేదు.

శామీర్‌పేట చెరువుకట్టకు కట్టమైసమ్మ కలదు. పసుపు, కుంకుమ, వేపాకు, పెద్ద కన్నులు. బోనాల దినమున ఆ గుడికి పోయినవారికి వైకుంఠముగారి రంగుల పళ్లెము ఎదుటనే పఱచియుండును. దీనిని నేను నిదర్శనముగా చెప్పుట లేదు. పోలికగా మాత్రమే చెప్పుచున్నాను.

ఇంత దేశీయముగా కనుపించు నీ కళ దేశము విడిచి దూరము పోయి నేర్చినదగుట గమనింపదగిన సంగతి. వైకుంఠముగారు హైదరాబాదు లలితకళాశాలలో చదివి, ఆంధ్రప్రదేశ లలితకళా అకాడమీ వేతనముతో 1971-72 ప్రాంతమున బరోడాకు పోయి శ్రీ కె. జి. సుబ్రహ్మణ్యన్ గారి (1924-2016) యొద్ద చిత్రలేఖనమును, ముద్రణచిత్రమును అభ్యసించిరి. సుబ్రహ్మణ్యన్ గారు శాంతినికేతన కళాభవనమున నందలాల్ బోసుగారి శిష్యులు. ఆటబొమ్మలు చేయువానిని, కుండలు చేయువానిని, పటము వ్రాయువానిని విద్యాలయపు చిత్రకారుడు చిన్నచూపు చూడరాదనుట వారి బోధకు సారము. అంతకుముందు 1963-65లో అదే గురువునొద్ద చదివిన శ్రీ కె. లక్ష్మాగౌడుగారు (జననము 1940, మెదకు జిల్లా నిజాంపురము) ఆ బోధనుండి మఱియొక ఫలమును తెచ్చిరి. తామ్రఫలకముపై ఆమ్లముతో గీచి ముద్రించిన వారి నలుపుతెలుపు చిత్రములలో ఆడువారు, మగవారు, మేకలు, చెట్లు ఒకే కోరికచే పెనవేసికొనియుండును. అందు వేషము లేదు. బట్ట కూడ తఱచుగా లేదు. గురువొక్కరే, సీమ యొక్కటే, వయస్సులో భేదము రెండేండ్లు. అయినను ఒకరు పల్లెను చీకటి తోటగా చూచిరి, ఒకరు దివిటీల రంగముగా చూచిరి. లక్ష్మాగౌడుగారు హైదరాబాదు విశ్వవిద్యాలయమున లలితకళలు బోధించి 2001లో విరమించిరి. 2016లో పద్మశ్రీ పొందిరి. వారిని గూర్చి ప్రత్యేకవ్యాసమే వ్రాయవలసియున్నది; ఇచ్చట విస్తరింపను.

మానవాకృతిని చిత్రించుట ఆ దినములలో గౌరవప్రదమైన పనిగా ఎల్లరు నెంచలేదు. అమూర్తచిత్రమే నవీనమను భావము దేశమంతట ప్రబలియుండెను. 1981లో బొంబాయిలోను ఢిల్లీలోను 'ప్లేస్ ఫర్ పీపుల్' అను పేర భూపేన్ ఖఖ్ఖర్, గులాం మహమ్మద్ షేఖ్, సుధీర్ పట్వర్ధన్ మొదలగువారు కలసి ప్రదర్శనము జరిపి, మనుష్యులకు, వారి స్థలములకు చిత్రమున మఱల చోటు కావలెనని ప్రకటించిరి. ఇదే కలహము జర్మనీలో మఱింత తీవ్రముగా నడచినది. యుద్ధానంతరమున పశ్చిమజర్మనీలో అమూర్తమే స్వేచ్ఛకు గుర్తుగా చెల్లుబాటయ్యెను. ఆకృతిని విడువజాలని బాజెలిట్సు 1969నుండి తన మనుష్యులను తలక్రిందులుగా చిత్రించి చూపెను. తూర్పు జర్మనీలోని లైప్జిగు విద్యాలయమున మాత్రము మానవాకృతి సాధన విడువలేదు. అచ్చట 1960లో జన్మించి, అచ్చటనే చదివి, పాశ్చాత్యలోకమంతటను ప్రసిద్ధి పడసిన నియో రౌఖ్ చిత్రములలో పనివాండ్రు, సైనికులు, ఉపాధ్యాయులవంటివారు ఏదో తెలియని పనిలో మునిగియుందురు. వారు మెలగు చోటు ఊరో రంగస్థలమో చెప్పజాలము. లైప్జిగునకును బూరుగుపల్లికిని సంబంధము కల్పించుట నా యుద్దేశము కాదు. కొట్టివేయబడిన ఆకృతి తిరిగి వచ్చునప్పుడు అది యథార్థముగా గాక వేషము వేసికొనియే వచ్చుచున్నదనుట మాత్రము ఉభయత్ర చూడదగియున్నది.

ఇక వాదమున కీలకమునకు వత్తము. వైకుంఠముగారి స్త్రీ వేషమైనచో, వారికి పనిచేయు స్త్రీ తెలియదా? తెలియుననుటకు సాక్ష్యము వారి చిత్రములందు గాక మఱియొక చోట నున్నది. 1988లో నరసింగరావుగారు 'దాసి' యను చలనచిత్రమును తీసిరి. నిజాము పాలననాటి తెలంగాణపు గడీలో దొర యింట దాసిగా నున్న కమలాక్షి కథ యది. ఆ పాత్రమును శ్రీమతి అర్చన ధరించిరి. దానికి కళాదర్శకులు వైకుంఠముగారు. ఆ చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగాను, నటనకును, ఛాయాగ్రహణమునకును, వేషరచనకును, కళాదర్శకత్వమునకును జాతీయపురస్కారములు వచ్చినవి. చిత్రకారునిగా వారికి కేంద్ర లలితకళా అకాడమీ జాతీయపురస్కారము 1993లో వచ్చినది. కాలక్రమమున 'దాసి' ముందు, ఇది తరువాత.

'దాసి' చూచినవారికి గడీ గోడలు, ఇత్తడి పాత్రలు, చీకటి కొట్లు, వెల వెల బోయిన గుడ్డలు జ్ఞాపకముండును. పనిముట్టు లేని చేయి అందు అరుదు. కమలాక్షి కి తీరికగా కూర్చుండు హక్కు లేదు. చిలుకతో మాటలాడు తీరిక అంతకన్న లేదు. ఆమె దేహము ఆమెది కాదు. అనగా పటములందు తాను వదలివేసిన సమస్తమును, కొడవలిని, చీపురును, బరువును, భయమును, వైకుంఠముగారు తెరమీద ఒక్కటొక్కటిగా పేర్చియుంచిరి. కావున వారికి తెలియక వదలలేదు, తెలిసియే వదలిరి. పగలంతయు దొర యింట పనిచేసిన స్త్రీ రాత్రి భాగవతమున చూచుటకు ఇష్టపడునది తన చీపురును గాదు. రంగమున కూర్చున్న సత్యభామ తీరికగా నున్నదనియే, ఎవ్వరికిని లేవనక్కఱ లేదనియే, దానిని చూచుటకు తెల్లవారుదాక మేల్కొనును. 'దాసి'ని విడిచి ఆ స్త్రీమూర్తులను మాత్రమే చూచువారు వానిని అలంకారములనుట సహజము. రెంటిని ఎదురెదురుగా నుంచినచో ఆ మూర్తుల తీరిక వెనుక ఎంత వెట్టి యున్నదో తెలియును.

దీనివలన చరిత్రకారునకు కలుగు ఫలితము ఒకటి కలదు. గ్రామీణస్త్రీల వస్త్రధారణమునకు, ఆభరణములకు వైకుంఠముగారి చిత్రములను ప్రమాణముగా చూపు వ్యాసములు ఇటీవల రెండు మూడు నా కంటబడినవి. అది తగదు. ఆ బొట్టు కొలత ఇంటిది కాదు, రంగస్థలముది. ఆ నగలలో ఏవి పెట్టెలోని గిల్టు నగలో, ఏవి తల్లి మెడలోనివో తేల్పకుండ పట్టికలు వ్రాయరాదు. అయితే ఇంకొక విషయమునకు అవి ప్రమాణములే: లిఖితచరిత్ర అంతగా పట్టించుకొనని వీధి భాగవతుల వేషకళకు ఇంత విస్తారమైన స్మృతి మఱి యే చిత్రకారుని యొద్దను నాకు కనబడలేదు.

మా సీమ ఇప్పుడు వేగముగా మాఱుచున్నది. 2016 అక్టోబరులో మేడ్చలు-మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. శామీర్‌పేటను వెలుపలి వలయరహదారి చుట్టుకొనినది, న్యాయవిశ్వవిద్యాలయము వెలసినది, తుర్కపల్లి ప్రాంతమున ఔషధ పరిశోధనశాలలు వెలసినవి. మేడ్చలుకు ఉత్తరమున మనోహరాబాదునుండి చీలిన రైలుమార్గము 2023 అక్టోబరులో సిద్దిపేటను చేరినది. క్రొత్త భవనముల ముందరి గదులలో వైకుంఠముగారి ముద్రితప్రతులును, వాని యనుకరణములును కావలసినన్ని వ్రేలాడుచున్నవి. ఆ గదుల నూడ్చు స్త్రీలు పటము క్రింద వంగి పనిచేయుచుందురు. వారిలో నొకరిద్దఱి తాతలు భాగవతమాడినవారైనను ఆశ్చర్యము లేదు.

కావున చేయవలసిన పని చిత్రశాలలలో గాక ఊళ్లలోనే మొదలు కావలెను. ఆడవేషము కట్టిన వృద్ధు లెచ్చటనైన మిగిలియున్నచో వారిని అడుగవలసినవి చిన్న చిన్న ప్రశ్నలే. అర్దళము దేనితో నూరిరి? బొట్టును వేలితో దిద్దిరా, అచ్చుతోనా? వేషమున నల్లనివాని మెడయు చేతులును పచ్చన కావించిరా, ముఖము మాత్రమేనా? చీర ఎవరిది తెచ్చుకొనిరి, తల్లిదా, భార్యదా? తెల్లవారిన పిమ్మట ఆ చీరను ఎవరు ఉదికిరి? మా పాలమ్మ చెప్పిన భాగవతుని ఊరు శామీర్‌పేటకు తూర్పున రెండు క్రోసుల దూరము. ఆయన మనుమడు లారీ నడపుచున్నాడు. వేషపు పెట్టె అటుకమీద నున్నదనియు, తాళపుచెవి పోయినదనియు చెప్పినాడు. వచ్చు బోనాల సెలవులలో నతడు ఇంట నుండునప్పుడు పోయి తెఱపింప నిశ్చయించితిని.